పంచదార నీళ్ళలో ఒక్కటి

ఫిబ్రవరి 9

అక్క దగ్గర్నుంచి ఇప్పుడే వచ్చాను. దగ్గర్నుంచి అంటే మరీ దగ్గర్నుంచి కాదు, గాజుగోడ ఇవతల నుంచి. లోపల తను, బయట మేము, మాటలకి గోడకి బిగించిన ఫోను. ఇవాళ కూడా కౌంటు సున్నా. ఒంట్లో తెల్లకణం ఒక్కటి లేదు. పాత మూలుగనంతా మందులతో వాళ్ళే ఊడ్చి పారేశారు. నా నడుము ఎముకలోంచి కొత్తది తీసి ఎక్కించారు. అది ఇంకా కాపురానికి దిగలేదు. పొడుగు డాక్టరుది రోజూ ఒకటే మాట, "చూద్దామమ్మా, కొందరికి ఆలస్యమవుతుంది." చూద్దాం అనడానికి ఆయన నోటికేం నొప్పి పుట్టదు, వినలేక చస్తున్నది నేను.

నన్ను చూడగానే అక్క మొదటి మాట, "ఆ జడేంటే, కొరివి దయ్యంలా?" తన తల మీద వెంట్రుక లేదు, నా జడకి వంకలు పెడుతోంది. ఒళ్ళు మండింది. మంచిదే. తిడుతోందంటే బాగున్నట్టే.

నడుము ఇంకా లాగుతోంది. పగలంతా మత్తు. ఎముకలోంచి అంత తోడాక కొన్నాళ్ళు ఇలాగే ఉంటుందన్నారు. ల్యాబులో కుర్చీలో కూచుంటే కళ్ళు వాటంతటవే మూతలు పడుతున్నాయి. తెరిస్తే మైక్రోస్కోపు, మూస్తే కూడా మైక్రోస్కోపే.

ఫిబ్రవరి 11

బావ ఇవాళ ఆస్పత్రి క్యాంటీనులో టీ ముందు పెట్టుకుని అడిగాడు, "అసలు నువ్వు ఆ ల్యాబులో చేసేదేంటి? పెళ్ళయినప్పట్నుంచీ అడగాలనుకుంటున్నా. మీ అక్కనడిగితే 'కణాలకి కరెంటు షాకులిస్తుంది' అంటుంది."

షాకులు కాదు బావా, అన్నాను. ఒక గాజుపలక. దాని మీద నాలుగు బంగారు మొనలు, ఎదురెదురుగా, మధ్యలో సన్నటి సందు. ఆ సందులో పంచదార నీళ్ళ చుక్క, చుక్కలో కణాలు. నాలుగు మొనలకీ కరెంటు వంతులవారీగా, ఒకదాని వెనక ఒకటిగా వస్తుంది. అంటే ఆ చుక్కలో విద్యుత్ క్షేత్రం గుండ్రంగా తిరుగుతుందన్నమాట. అది తిరుగుతుంటే కణం ఊరుకోలేదు, అదీ తిరుగుతుంది. బతికున్న కణానికి పొర గట్టిగా ఉంటుంది, కరెంటుని లోపలికి రానివ్వదు, అందుకని క్షేత్రానికి ఎదురు తిరుగుతుంది. చచ్చినదాని పొర చిల్లులు పడిపోయి ఉంటుంది, అది ఎదురు తిరగదు. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర అన్నిటికంటే జోరుగా తిరిగిందో చూస్తే పొర నున్నగా ఉందో ముడతలు పడి ఉందో కూడా తెలుస్తుంది. ఎర్రకణాలవి నున్నటి పొరలు, తెల్లకణాలవి ముడతలవి.

బావ టీ చల్లారిపోయింది. "అంటే బతికున్నది ఎదురు తిరుగుతుంది."

"అవును."

"అయితే మీ అక్కకి ఢోకా లేదు" అన్నాడు.

ఇద్దరం పడీ పడీ నవ్వాం. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. నవ్వడం అయ్యాక బావ అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు, నేను చూడనట్టు చక్కెర కలుపుకున్నాను. అప్పటికే కలిపి ఉంది.

ఫిబ్రవరి 12

రోజూ అక్కకి తీసే రక్తంలో మిగిలింది మా ల్యాబుకి వస్తుంది. అక్కే సంతకం పెట్టింది, గాజుగదిలోకి వెళ్ళకముందే. "ఇన్నాళ్ళూ నా రక్తం ఊరికే తాగావు, ఇప్పుడు జీతం తీసుకుని తాగు" అంది. మా ల్యాబు సారు ఒప్పుకున్నారు గానీ వేలు చూపించి మరీ చెప్పారు, "ఇది పరిశోధన. మనకి ఇక్కడ కనిపించింది ఆ గాజుగోడ దాటకూడదు. వైద్యం వాళ్ళ పని." సరేనండీ అన్నాను. నేనేమన్నా చిన్నపిల్లనా.

రోజూ ఒకటే వరస. ముందు నా వేలు పొడుచుకుని నా రక్తం పెడతాను, యంత్రం ఆ రోజు సరిగ్గా ఉందో లేదో చూసుకోడానికి. ఎర్రవాటిని పగలగొట్టే మందు కలిపితే తెల్లవి మిగులుతాయి. వాటిని పంచదార నీళ్ళలోకి దించి పలక మీద వదులుతాను. చూసుకున్నాక పలక కడగాలి. అంటుకున్నవాటిని ఊడదీసే మందు నీళ్ళు, మామూలు నీళ్ళు, మళ్ళీ పంచదార నీళ్ళు. అప్పుడు అక్కది.

నావి పెడితే సందడి. తెర నిండా తిరుగుతాయి, ఒక్కొక్కటీ దాని లోకంలో అది, తొందరా లేదు, ఆగడమూ లేదు. అలా చూస్తూ కూచుంటే కుర్చీ కూడా తిరుగుతున్నట్టు, నేనే ఆ నీళ్ళలో ఉన్నట్టు ఉంటుంది. ఎంతసేపు కూచుంటానో నాకే తెలీదు. తర్వాత అక్క చుక్క పెడతాను. ఖాళీ. పగిలిన ఎర్రకణాల తొక్కలు అక్కడక్కడా తేలుతుంటాయి, అంతే.

ఫిబ్రవరి 13

సున్నా.

ఫిబ్రవరి 15

మధ్యాహ్నం బల్ల మీద తల పెట్టగానే కునుకు పట్టింది. కలలో నేనూ అక్కా డాబా మీద చేతులు పట్టుకుని గిరగిరా తిరుగుతున్నాం. ఇద్దరివీ ఒకే గుడ్డతో కుట్టిన గౌన్లు. "వదలకే, వదిలితే పడిపోతాను" అంటోంది అక్క. అదేంటి, ఎప్పుడూ వదిలేసేది తనే కదా. పడేది నేను కదా. మోకాలి మీద మచ్చ ఇంకా నా దగ్గరే ఉంది. కలలో కూడా న్యాయం లేదు.

కౌంటు సున్నా. డాక్టరు ఇవాళ "చూద్దాం" కూడా అనలేదు.

ఫిబ్రవరి 18

వరసగా రాస్తాను, లేకపోతే రేపు నేనే నమ్మను.

పొద్దున నా రక్తం పెట్టాను. బాగా తిరిగాయి. పలక తీసుకుని సింకు దగ్గరికెళ్ళాను. కడుగుతుంటే ఫోను. అక్క.

"ఏం చేస్తున్నావే?"

"గిన్నెలు తోముతున్నా."

మామూలుగా అయితే దీనికి ఏదో ఒకటి అంటించేది. అంటించలేదు.

"నేను ఇంటికెళ్ళిపోతానే" అంది. "మీ బావకి చెప్తే ఏడుస్తాడు. నువ్వైతే తిడతావు. తిట్లు పడే ఓపికుంది గానీ ఏడుపు చూసే ఓపిక లేదు, అందుకని నీకు చేశా. పాపం, నీ ఎముకలు తవ్వించుకున్నావు. అవి నాకు పట్టలేదు. అయినా మనిద్దరికీ పడింది ఎప్పుడులే. నా మంచం మీద పడుకుంటానే. నా కిటికీ దగ్గర. ఇక్కడ దుప్పటి కూడా చప్పుడు చేస్తోంది, కదిలితే చాలు."

నిజంగానే ఆ చప్పుడు వినిపిస్తోంది ఫోనులో, కాగితం నలిపినట్టు. ఇవాళ్టిది ఇంకా చూడలేదు, చూసి చేస్తా, అప్పటిదాకా నోరు మూసుకుని పడుకో అన్నాను. పెట్టేసింది.

పలక తెచ్చుకున్నాను. కడిగాను కదా. అక్క చుక్క పెట్టాను.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఎడమ మూల నుంచి వచ్చింది. ఒక్కటి. గుండ్రంగా, కొంచెం గరుగ్గా. తొక్క అనుకున్నాను. తొక్కలు అంత నింపాదిగా రావు. మధ్యలోకి వచ్చి ఆగింది. ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు, తిరగడం మొదలెట్టింది. క్షేత్రం ఇటు, అది అటు. ఎదురు! ఫ్రీక్వెన్సీ పెంచి చూశాను, తగ్గించి చూశాను. ముడతల పొర. తెల్లకణం. బతికుంది.

పక్క బల్ల కళ్ళజోడుగారిని పిలిచాను. నాకంటే ముందునుంచీ ఉన్న మనిషి, మాటకి ముందు కళ్ళజోడు తుడుచుకుంటారు, అందుకని ఆ పేరు. తుడుచుకుని చూశారు. "నిక్షేపంలా ఉందండీ. ఎవరిది?"

"మా అక్కది."

"శుభం" అన్నారు.

సారు మాట అప్పుడు గుర్తే లేదు. గుర్తుంది. గుర్తున్నా ఫోను చేశాను.

"కనిపించిందే అక్కా."

"ఏంటి?"

"నాది. నీ రక్తంలో. తిరుగుతోంది."

దుప్పటి చప్పుడు. తర్వాత, "ఎటు?"

"ఎదురు."

"ఎదురు తిరుగుతోందా? అయితే నీదే, అనుమానం లేదు" అంది. ఇద్దరం ఫోను పెట్టకుండా అలా ఉండిపోయాం. తెర మీద అది తిరుగుతూనే ఉంది.

ఫిబ్రవరి 19

అక్క సగం గిన్నె సూపు తాగిందట. ఇంటికెళ్తానన్న మాటే ఎత్తలేదట. బావ గాల్లో తేలిపోతున్నాడు, గాజుగోడ దగ్గరే నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "నీ రుణం తీర్చుకోలేను" అన్నాడు. ఊరుకోండి బావా అన్నాను.

ఇవాళ్టి చుక్క ఖాళీ. ఉంటే ఒకటో రెండో ఉంటాయి మొదట్లో, ఆ ఉన్నది నిన్నటి చుక్కలోకి వచ్చేసింది, ఇవాళ ఎక్కణ్ణుంచి వస్తుంది? సరిపోయింది. ఆస్పత్రి కౌంటు సున్నా అంటే దానికీ అర్థం ఉంది, వాళ్ళ యంత్రానికి గుంపు ఉంటే తప్ప ఆనదు.

ఫిబ్రవరి 20

పొడుగు డాక్టరు ఇవాళ తేల్చి చెప్పేశాడు. ఇంక ఆగడం మంచిది కాదు, నా దగ్గర్నుంచి ఇంకోసారి మూలుగ తీసి ఎక్కించాలి, అంతకుముందు అక్కకి మళ్ళీ ఆ మందులు. అక్క ససేమిరా అంది. "మా చెల్లి కళ్ళారా చూసింది. మొదలైంది. మళ్ళీ అన్నీ చంపుకోను" అందట. బావ కూడా వంత పాడాడు.

డాక్టరు నన్ను నడవాలోకి పిలిచాడు.

"మీరేం చూశారమ్మా?"

"కణం అండీ."

"ఎన్ని?"

"ఒకటి."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఒకటి" అని మెల్లగా అన్నాడు. "ఆ గది ఎంత కడిగినా ఏదో ఒక రోజు ఏదో ఒక పురుగు దూరుతుంది. దూరితే ఎదుర్కోడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు. ఇప్పుడైతే చెయ్యగలను. జ్వరం పట్టుకున్నాక నా చేతుల్లో ఉండదు. మీరు చెప్తే వింటారు. మీరు నిజంగా చూశారా?"

చూశానండీ అన్నాను. అబద్ధం కాదుగా.

ఫిబ్రవరి 21

కడిగాను. మందు నీళ్ళు, మామూలు నీళ్ళు, పంచదార నీళ్ళు. ఎన్నేళ్ళుగా చేస్తున్న పని. చేతులకి అలవాటు, నేను లేకపోయినా అవే చేసుకుపోతాయి.

ఫిబ్రవరి 22

చుక్క ఖాళీ.

కళ్ళజోడుగారు పోతూ పోతూ, "ఆవేళ మీది పెట్టాక కడిగే పెట్టారు కదండీ?" అన్నారు.

"అదేం ప్రశ్నండీ? నేనేమన్నా నిన్నగాక మొన్న చేరానా?" విరుచుకుపడ్డాను. గది గదంతా తలెత్తింది.

"అడగాలి కదండీ, అడిగాను" అని ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఏడ్చినట్టుంది. మనిషి నాలుగు రోజులు సంతోషంగా ఉంటే చూడలేరు.

ఫిబ్రవరి 24

ఫోను రాకముందు మందు నీళ్ళు పోశాను. అది గుర్తుంది, వేళ్ళకి చల్లగా తగిలింది. ఫోను తర్వాత? ఫోను తర్వాత నాకు గుర్తున్నది దుప్పటి చప్పుడు ఒక్కటే.

ఇవాళ మధ్యాహ్నం భోజనాలకి అందరూ వెళ్ళాక చూసుకున్నాను. నా రక్తం పెట్టి, మూడు నీళ్ళతోనూ శుభ్రంగా కడిగి, ఉత్త పంచదార నీళ్ళు పెట్టాను. ఖాళీ. ప్రాణం లేచొచ్చింది. చూశావా, నీ పలకకి ఏ రోగమూ లేదు అని పైకే అన్నాను. అక్కడితో లేచిపోవాల్సింది.

లేవలేదు. మళ్ళీ నా రక్తం పెట్టాను. ఈసారి ఒక్క మందు నీళ్ళతో కడిగి ఊరుకున్నాను. ఉత్త పంచదార నీళ్ళు పెట్టాను.

కిటికీలోంచి ఎండ బల్ల మీదికి పాకుతోంది. ఫ్యాను చప్పుడు. నాకు నిద్రొస్తోంది, నిద్రొస్తే బాగుండు అనుకుంటున్నాను. ఎడమ మూల నుంచి వచ్చింది. ఒక్కటి. అదే మూల. అంతే నింపాదిగా వచ్చింది, మధ్యలో ఆగింది, గుర్తొచ్చినట్టు తిరిగింది.

అలా చూస్తూ కూచున్నాను. అందంగానే ఉంది, పాపిష్టిది. ఆవేళ అక్క కోసం తిరిగినంత అందంగానే ఉంది. అప్పుడు ఇంకోటి తట్టింది. ఆవేళ్టిది పలక మూలలో మిగిలిపోయిన నా వేలి రక్తం అయితే, అది నాది. నిజంగా అక్క ఒంట్లో పుట్టి అక్క రక్తంలోంచే వచ్చిందయితే, అప్పుడూ నాదే. నా ఎముకలోంచి పోయినదానికే పుట్టాలి కదా. పొర కొలిచినా నేనే, లోపల విప్పి చూసినా నేనే. ఈ కణం ఏ ఇంట్లోంచి బయల్దేరిందో చెప్పే యంత్రం మా ల్యాబులో లేదు, ఇంకెక్కడా లేదు. ఇలాంటి తప్పు చెయ్యాలంటే అక్కకి మూలుగ ఇచ్చిన చెల్లెలే అయ్యుండాలి, ఆ చెల్లెలి చేతికే పలక కడిగే పని పడాలి. ఏరి కోరి నాకే దొరికింది.

అంటే ఆవేళ్టిది అక్కదే అయ్యుండొచ్చు కూడా. అయ్యుండొచ్చు. కాదని ఎవరూ చెప్పలేరు. నేను నోరు మెదపకపోతే ఎవరికీ

ఫిబ్రవరి 25

చెప్పేశాను.

ముందు సారుకి. ఆయన తల పట్టుకున్నారు. తిట్టలేదు, "అక్కడికి వెళ్ళి చెప్పు, ఇప్పుడే" అన్నారు. రేపట్నుంచి అక్క రక్తం కళ్ళజోడుగారు చూస్తారు. నేను ముట్టుకోకూడదు. మంచిదే.

గాజుగోడ దగ్గర ఫోను తీసేసరికి అక్క కళ్ళు అటు నుంచే నవ్వుతున్నాయి. "ఏమే, ఇంకా ఎన్ని తిరుగుతున్నాయి?"

చెప్పాను. సింకు, ఫోను, దుప్పటి చప్పుడు, ఎడమ మూల. మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేనని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. అక్క మొహంలో ఏమీ మారలేదు. అయ్యాక నవ్వింది.

"ఎవరిదైతే ఏంటే? నీదేగా."

"నాదే గానీ..."

"నాకు కావాల్సింది నీదేగా."

"అక్కా, అది నా వేలిలోంచి వచ్చి ఉండొచ్చు. నీ ఒంట్లోంచి కాదు."

అప్పుడు అర్థమైంది తనకి. చూస్తుండగానే అర్థమైంది. నవ్వు మొహం మీదే ఉండిపోయింది, కళ్ళలోంచి మాత్రం వెళ్ళిపోయింది.

"అంటే నాలో లేదన్నమాట."

"తెలీదు."

"తెలీకుండా ఎందుకు చెప్పావు? నేను పోతాననుకుని సిద్ధపడి ఉన్నాను. హాయిగా ఉన్నాను. నన్ను లేపి కూచోబెట్టావు. సూపు తాగించావు. ఇప్పుడొచ్చి తెలీదంటావా?"

ఫోను పెట్టేసి గోడ వైపు తిరిగి పడుకుంది. నేను అద్దానికి నుదురు ఆనించి నిలబడ్డాను. నర్సు వచ్చి అద్దం మీద మరక పడుతుందమ్మా అంది. పడనీ అన్నాను. ఆవిడేమీ అనకుండా వెళ్ళిపోయింది. నిలబడే కునుకు తీశానో ఏమో, ఫోను మోగితే ఉలిక్కిపడ్డాను.

అక్క ఇటు తిరక్కుండానే మాట్లాడుతోంది. "మళ్ళీ తవ్వుతారట నిన్ను."

"ఆఁ."

"నొప్పెడుతుందా?"

"పెడుతుంది."

"ఎంత?"

"నీ నోరంత పెట్టదులే."

భుజం కదిలింది. నవ్విందో ఏడ్చిందో అద్దం ఇవతలికి తెలీలేదు. "పిలువు ఆ పొడుగాయన్ని. సంతకం పెడతా" అంది.

ఫిబ్రవరి 27

మందులు మొదలుపెట్టేది ఎల్లుండి తర్వాతట. అదే పూట నన్నూ చేర్చుకుని పరీక్షలన్నీ చేస్తారట. బావ నాతో మామూలుగానే మాట్లాడుతున్నాడు, మరీ మామూలుగా. టీ తెచ్చిచ్చాడు. "నువ్వు కావాలని చెయ్యలేదుగా" అన్నాడు. కావాలనే ఫోను చేశాను బావా, ఆ ఒక్కటీ కావాలనే చేశాను, అనాలనుకున్నాను. టీ తాగాను.

పని లేదు నాకు ల్యాబులో. ఊరికే పంచదార నీళ్ళు కలుపుతూ కూచున్నాను.

మార్చి 2

వరసగా రాయాలన్నా వరస లేదు నాకు.

పొద్దున్నే చేరాను. వెనక ముడులు వేసే గౌను తొడిగారు. మంచం మీద పడుకోబెట్టారు. పైన దీపాలు గుండ్రంగా ఉన్నాయి, చూస్తూ ఉంటే నెమ్మదిగా తిరుగుతున్నట్టు అనిపించింది. ఇవి కూడానా అనుకున్నాను. అక్కకి మందు ఎక్కించే సంచీ గాజుగదిలో వేలాడదీశారని నర్సు చెప్పింది. ఎదురుచూస్తున్నాం. ఎవరూ రారు. దీపాలు తిరుగుతున్నాయి.

డాక్టరు వచ్చాడు. అంత పొడుగు మనిషీ గుమ్మంలో వంగి, నవ్వాలో వద్దో తెలీనట్టు నిలబడ్డాడు.

"లేవండమ్మా. ఇవాళ వద్దు."

జ్వరం, అనుకున్నాను. దూరింది, అయిపోయింది. నేను ఆలస్యం చేసిన ఆ ఐదు రోజుల్లో దూరింది.

"జ్వరమా అండీ?"

"కాదు, కాదు. ఇవాళ్టి కౌంటు సున్నా కాదు. చాలా తక్కువే. తప్పేమోనని రెండోసారి తీయించాను. రెండోసారీ ఉంది."

నేను లేవలేదు. మీవాళ్ళు గొట్టాలు బాగా కడిగారా అని అడిగాను. నిజంగా అడిగాను. ఆయన ముందు తెల్లబోయాడు, తర్వాత అర్థమై, "మా గొట్టాలు కడగరమ్మా, ఒకసారి వాడి పారేస్తారు" అన్నాడు ఎంతో మర్యాదగా.

మార్చి 3

నిన్నటికంటే ఎక్కువ.

మార్చి 6

ఇంకా ఎక్కువ. కళ్ళజోడుగారు రమ్మంటే వెళ్ళి ఆయన వెనక నిలబడి చూశాను, చేతులు వెనక్కి కట్టుకుని. అక్క చుక్కలో గుంపుగా తిరుగుతున్నాయి. ఎడమ మూల నుంచి కాదు, అన్ని వైపుల నుంచీ. "చూశారా, ఎలా ఎదురు తిరుగుతున్నాయో" అన్నారు. ఫోను చేస్తారా అని అడిగారు.

చెయ్యనండీ అన్నాను. ఆస్పత్రివాళ్ళు చెప్తారు.

అయితే ఆ మొదటిది? ఫిబ్రవరి పద్దెనిమిదిది? ఏమో. అప్పటికే అక్కలో నాది మొలకెత్తి ఉందేమో. లేదేమో. ఇప్పుడు అడిగినా ఎవరూ చెప్పలేరు. దాని గురించి ఆలోచించను. ఆలోచిస్తున్నాను.

మార్చి 21

అక్క రక్తానికి చేసిన జన్యు పరీక్ష ఫలితం వచ్చింది. డాక్టరు కాగితం మీద వేలు పెట్టి చూపించాడు. "నూటికి నూరు. అన్నీ మీవే. ఆవిడవి ఒక్కటీ లేవు."

బావ అక్కడే నడవాలో నన్ను పట్టుకుని ఎగిరినంత పని చేశాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే ఆ మాట మళ్ళీ వినపడింది, ఆవిడవి ఒక్కటీ లేవు. కూలబడి ఏడ్చాను. ఎందుకో రాయడం చేతకావటం లేదు. సంతోషంగానే ఉన్నాను. నా చిన్నప్పట్నుంచీ నన్ను కొట్టినదీ, జడ వేసినదీ, చేతులు వదిలేసినదీ ఆ రక్తమే కదా. దాన్ని ఊడ్చేసి నేను దూరాను. అది ఎక్కడికి పోయిందో ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ 30

అక్క ఇంటికి వచ్చేసింది. తన మంచం, తన కిటికీ. నేను ఆమడ దూరంలో, మూతికి గుడ్డ కట్టుకుని కూచుని తిట్లు తింటున్నాను. ఇవాళ్టి కేసు నా చెప్పులు.

నవంబరు 8

ఆదివారం కదా అని మొద్దు నిద్రలో ఉన్నాను. ఫోను.

"ఏమే!" అక్క. గొంతు తేడాగా ఉంది, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు. చివాల్న లేచాను.

"ఏమైంది?"

"పెదాలు ఉబ్బిపోయాయే! నాలుక దురద, మెడ మీద దద్దుర్లు. మీ బావ హడలిపోయి ఆస్పత్రికి లాక్కెళ్ళాడు, ఏదో సూది పొడిచి కూచోబెట్టి, ఇప్పుడే పంపారు."

"ఏం తిన్నావు?"

"ఏం లేదులే."

"అక్కా, ఏం తిన్నావే?"

"జీడిపప్పు. గుప్పెడు. ఇన్నాళ్ళకి తినొచ్చన్నారని తిన్నాను. జీడిపప్పు పడనిది నీకు కదే! చిన్నప్పట్నుంచీ నీ వాటా కూడా నేనే తినేదాన్ని. నాకెప్పుడైనా తుమ్మైనా వచ్చిందా? ఆ పొడుగాయన నవ్వుతాడు, 'ఇచ్చినవారికి ఉంటే మూలుగతో పాటు వచ్చేస్తుందండీ అప్పుడప్పుడు' అంటాడు. వచ్చేస్తుందట! ఎముకలు అడిగితే జబ్బు కూడా కట్టి పంపావా?"

నేను మంచం మీంచి కింద కూచుండిపోయాను. నా పెదాలు. నా దురద, నా మెడ మీద దద్దుర్లు. నాలుగేళ్ళప్పుడు మొదటిసారి వచ్చినవి, అచ్చంగా అవే, అక్క ఒంటి మీద.

"ఏడుస్తున్నావా?" అంది.

"లేదు."

"ఏడు. నేను ఏడవాలి, జీడిపప్పు పోయింది నాకు. మంచిది ఒక్కటీ ఇవ్వలేదు, నీ జుట్టు ఇచ్చినా బాగుండేది." ఉబ్బిన మూతితో ఇంకా ఏమేమో తిట్టింది, సగం మాటలు అర్థం కాలేదు. మధ్యలో ఆగింది. దుప్పటి సర్దుకున్నట్టుంది, చప్పుడు లేదు. "నొప్పెడుతుందా నీకు, ఇలా అయినప్పుడు? ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు."

"నొప్పి కాదు. మంట."

"ఆఁ, మంటే" అంది అక్క.

డబ్బా పక్కింటివాళ్ళకి ఇచ్చేసిందట. మా ఇద్దరిలో జీడిపప్పు తినేవాళ్ళు ఇంక ఎవరూ లేరు.